అవతలి ఒడ్డున మేనమామ

ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన ఎడ్విన్ కారెక్కితే ముందు అద్దం తుడుస్తాడు. తర్వాత కళ్ళజోడు తుడుస్తాడు. ఆ తర్వాత స్టీరింగు మీద చేతులు పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతాడు. నాలుగు టైర్ల క్షేమంతో మొదలయ్యే ఆ ప్రార్థన, దారిలో ఎదురయ్యే లారీ డ్రైవర్ల పెళ్ళాంబిడ్డల దాకా పోతే గానీ ఆగదు. పక్క సీట్లో కూర్చున్న భార్య దయామణి ఆ ఉదయం ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిచోటా గట్టిగా ఆమేన్ అంది. ఆయన దాన్ని భక్తి అనుకుని ఇంకాస్త పొడిగించాడు.

"దేవునికి అంతా తెలుసు గానీ, ఇంక పాండి" అంది చివరికి.

"పోతాండాం గదా దయా. యాల అంత తొందర? ఎన్నాళ్ళకు పోతాండాం మీ ఊరికి! నింపాదిగా సూసుకుంటా పోదాం."

ఆయనకది విహారయాత్ర. వెనక సీట్లో పులిహోర డబ్బా, కెమెరా, గొడుగు, రాళ్ళ మీది మట్టి తుడవడానికి ఒక మెత్తటి బ్రష్షు పెట్టుకున్నాడు. పాలారు ఒడ్డున ఉండే పాలేటికోట దయామణి పుట్టిన ఊరు. పాలెగాళ్ళ నాటి కోటగోడ, చేలగట్ల మీద వీరగల్లు రాళ్ళు, గుడి, చర్చి అన్నీ ఉన్న పాత ఊరు. ఎడ్విన్ కొత్తల్లుడుగా అక్కడికి పోయిన మొదటి రోజే అత్తగారు వేసిన మంచం వదిలేసి కోటగోడ చుట్టూ తిరిగాడు. సగం పెళ్ళి దయామణితో, సగం ఆ రాళ్ళతో జరిగిందని ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాడు. దయామణి నవ్వదు.

ఆమె పోతున్న పని వేరు. వచ్చే గురువారం కూతురు హర్షిత పెళ్ళి. మదనపల్లెలో ఆస్పత్రి వాళ్ళు, బడి వాళ్ళు, చర్చి వాళ్ళు, అందరినీ పిలవడం అయిపోయింది. పిలవాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడు పెళ్ళికూతురి మేనమామ, దయామణి తమ్ముడు శాంతిరాజు. రేపటి నుంచి ఇంటికి చుట్టాలు దిగుతారు. పెళ్ళికూతురికి నలుగు పెట్టే రోజుల్లో తల్లి ఇల్లు కదలకూడదు. ఎడ్విన్ కంట్లో పొర వచ్చినందువల్ల చీకటి పడితే ఆయన బండి నడపలేడు. కాబట్టి ఉన్నది ఈ ఒక్క పగలు. ఈ పగలు గడిచేలోపు తమ్ముడు వస్తానని అనాలి.

అక్కాతమ్ముళ్ళకు చెడింది ఐదేళ్ళ కిందట. కొడుకు నిఖిల్ పెళ్ళి లాక్‌డౌన్‌లో జరిగింది. గేటు దాటితే పోలీసులు లాఠీ చూపించే రోజులు. అందరికీ పంపినట్టే శాంతిరాజుకు కూడా శుభలేఖ ఫోన్‌లో పంపించారు. అతను రాలేదు. వాళ్ళవైపు దగ్గరివాళ్ళను గడప తొక్కి పిలవాలి. పిలిచేవాళ్ళు ఆ ఇంటి గడప మీద నిలబడి, పేరు పెట్టి, నోరారా రమ్మనాలి. బొట్టు పెట్టి పిలిచే అలవాటు పోయి మూడు తరాలైనా, చర్చికి పోయే ఇళ్ళలో ఈ గడప పట్టింపు మాత్రం పోలేదు.

"ఒక్కగానొక్క మేనమామను. ఫోన్లో బొమ్మ పంపించి పిలుస్తారా నన్ను? నువ్వు నా గడప తొక్కి పిలిచేదాకా నీ ఇంట్లో చెయ్యి కడగను పో అక్కా" అన్నాడు శాంతిరాజు ఆ రోజు. చెయ్యి కడగనంటే అన్నం తిననని. మేనల్లుడి పెళ్ళికోసమని మేపిన పొట్టేలును వి.కోట సంతలో అమ్మేసి, ఫోన్ ఎత్తడం మానేశాడు. అన్నవాడు అన్నట్టే ఐదేళ్ళు కూర్చున్నాడు.

దయామణికి కోపం లేదా అంటే, పుట్టెడు ఉంది. ఆ రోజుల్లో ఆమె ఆస్పత్రిలో నర్సు. మాస్కు తీసి నాలుగు మెతుకులు తినడానికే వీలు లేని డ్యూటీ. అలాంటప్పుడు గడప తొక్కి పిలవలేదని అలిగితే ఎవరైనా ఏం చేస్తారు? పైగా ఆమె పెద్దది. దిగి రావాల్సింది వాడు. అయినా అమ్మానాన్నలు పోయాక పుట్టిల్లంటే ఆమెకు మిగిలింది ఆ మొండివాడొక్కడే. మొన్నటిదాకా హర్షిత "మామ వస్తాడా అమ్మా?" అని అడిగేది. ఈ మధ్య అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేశాకే దయామణికి ఎక్కువ కష్టంగా ఉంది.

పుంగనూరులో ఎడ్విన్ పిన్నమ్మ కూతురు ప్రిస్కిల్లా ఇల్లు రోడ్డు మీదే. ఇంటి ముందు కారు నెమ్మదించేసరికి దయామణి గుండె జారింది.

"వద్దండీ. వచ్చేటప్పుడు ఆగుదాం."

"వచ్చేటప్పుడు పొద్దు గుంకుతుంది. ఐదు నిమిషాలే. వందనాలు చెప్పేసి పోదాం."

ప్రిస్కిల్లా ఇంట్లో ఐదు నిమిషాలు అనేది ఎన్నడూ ఎవరికీ దొరకలేదు. ముందు కాఫీ వచ్చింది. కాఫీ తాగి లేచేసరికి ఉప్మా వచ్చింది. ఉప్మా వద్దంటే, "పెండ్లి పెట్టుకోని నా ఇంట్లో వద్దనకూడదమ్మా" అని వడ్డించింది. తిని చేతులు తుడుచుకునేసరికి, "చిన్న ప్రార్థన చేసి పంపిస్తా" అంది. ఆ చిన్న ప్రార్థన హర్షితతో మొదలై, పెళ్ళికొడుకు ఉద్యోగం మీదుగా, షామియానా మీద వాన పడకుండా, మటన్ సరిపోయేలా సాగి, చివరికి "శాంతిరాజు రాతిగుండెను మెత్తపరచు తండ్రీ" అనేదాకా వచ్చింది. దయామణి ఒక కన్ను తెరిచి చూసింది. తమ్ముణ్ణి తాను ఎన్నైనా అంటుంది. ఇంకొకరు, అందులోనూ దేవుడి ముందర, రాతిగుండె అంటే ఎట్లా?

"వాడి గుండె మంచిదే వదినా. నోరే కాస్త మొండిది" అని ఆమేన్‌కు ముందే చెప్పి చెప్పులేసుకుంది.

పలమనేరులో ఇంకో అడ్డం. టీ కొట్టు దగ్గర ఎవరో మీసాలాయన "సార్!" అని ఎదురొచ్చాడు. పదో తరగతిలో ఎడ్విన్ దగ్గర చదివాడట. ఆయన పిల్లల చదువులు, ఆయన ఆవుల పాల లెక్కలు అన్నీ విన్నాక గానీ కారు కదల్లేదు. వి.కోట దగ్గర టమాటా లారీలు రోడ్డుకు రెండువైపులా నిలబడిపోయాయి. ఎడ్విన్ ఇంజను ఆపేసి కిటికీ దించి, "సూసినావా, ఈ రోడ్డు పూర్వం దండ్లు నడిచిన బాట" అన్నాడు.

"దండ్లు నడిచినాయి గానీ మనం నడస్తాండామా?" అంది దయామణి.

ఆయనకు కోపం రాదు. అదే ఆమెకు కోపం. కయ్యానికి కాలు దువ్వినా అవతలివాడు కాలు కదపకపోతే ఆ కోపం తిరిగి మన కడుపులోనే పడుతుంది. ఆమె తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పాలేటికోట గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో ఏరు అంటే ఇసుకే. పాలారు పేరు గొప్ప గానీ ఆమె ఎరిగి అందులో నీళ్ళు పారింది లేదు. చేత్తో ఇసుక తోడి చెలమ చేస్తే, అడుగున మెల్లగా ఊరే నీళ్ళే ఊరికి దిక్కు. అవతలి ఒడ్డున వాళ్ళ నాన్నకు చిన్న చెక్క పొలం ఉండేది. బడి లేనప్పుడు శాంతి అక్కడ ఆవులు కాసేవాడు. మధ్యాహ్నం అమ్మ ఇటు ఒడ్డున, ఇంటి గడప మీద నిలబడి, ద్వారబంధం పట్టుకుని గొంతెత్తి పిలిచేది. వాడు అటునుంచి "చేతులు కడుక్కోని వస్తాండానమ్మా!" అని అరిచి, చెలమలో చేతులు కడుక్కుని, ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. తర్వాత్తర్వాత ఆ పొలంలోనే ఇల్లు కట్టుకుని, మల్బరీ వేసి, ఆవులు పెట్టుకుని అటే ఉండిపోయాడు. అయినా ఏమి, ఇసుకలో పది అంగలు వేస్తే వాడి ఇల్లే. కారు కోటగోడ దగ్గర వదిలేసి, ఏరు దాటి, గడప తొక్కి, రెండు మాటలు చెప్పి వచ్చేయొచ్చు. ఆమె పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్నది అదే.

ఊరి మలుపులో కారు తిరగ్గానే ఏదో హోరు వినపడింది.

"గాలా?" అంది దయామణి.

గాలి కాదు. కోటగోడ దాటాక ఏరు కనపడింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా, ఎర్రగా, కొమ్మలూ రెమ్మలూ మోసుకుంటూ పారుతోంది. ఒడ్డు పొడుగునా పసుపు కుంకుమలు, పగిలిన కొబ్బరిచిప్పలు, ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీసుకుంటున్న జనం. టీ కొట్టు తిమ్మప్ప ఆమెను చూసి ఎదురొచ్చాడు. శాంతిరాజుతో కలిసి గోలీలాడిన మనిషి. మొహమంతా నవ్వే.

"సూడమ్మా దయామణీ! పాలారు వచ్చేసె! నాలుగు దినాలాయ. మా నాయనకు గూడా దొరకలా ఈ భాగ్యం. సరింగా ఏరు వచ్చినాక వచ్చినావు సూడు, అదృష్టమంటే నీదే!"

"దాటేదెట్లా తిమ్మప్పా?"

"దాటేదా? యాడికి?"

"యాడికేంది? మావాడింటికి!"

తిమ్మప్ప నవ్వు కాస్త తగ్గింది. "యాడ దాటతావమ్మా. కాలు పెడితే లాగేస్తాండాయి నీళ్ళు. చుట్టుదావ ఉండాది గానీ ఆడ కల్వర్టు కొట్టుకపోయె. ఇంకో రెండు మూడు దినాల్లో సరిచేస్తారంట" అన్నాడు.

దయామణి ఏటిని చూస్తూ నిలబడిపోయింది. చిన్నప్పుడు ఆ ఊరి చర్చిలో ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద పడి, పాలారులో నీళ్ళు రావాలని ప్రార్థించేవాళ్ళు. ఆమె కూడా గొంతు పోయేలా ప్రార్థించింది. దేవుడు అప్పుడు పలకలేదు. యాభై ఏళ్ళు తీరిగ్గా ఆలోచించి, సరిగ్గా ఈ వారం పలికాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అందరూ చేతులెత్తి మొక్కుతున్న ఆ ఏటిని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించి, చుట్టూ జనం ఉన్నారని ఊరుకుంది.

ఎడ్విన్ మాత్రం పొంగిపోయాడు. "ఆహా, నిండు ఏటి ఒడ్డున కోట! దయా, ఇట్టా నిలబడు, ఒక ఫోటో తీస్తా" అన్నాడు. ఆమె చూసిన చూపుకు కెమెరా దించుకుని, మెల్లగా పాత ఇళ్ళవైపు జారుకున్నాడు.

"మావాడికి ఫోన్ చెయ్యి తిమ్మప్పా. నేను చేస్తే ఎత్తడు."

తిమ్మప్ప చేశాడు. రెండు మాటలు మాట్లాడి, "వస్తాండాడు" అన్నాడు.

కాసేపటికి అవతలి ఒడ్డు మీద ఒక మనిషి కనపడ్డాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. జుట్టు నెరిసిపోయింది. ఐదేళ్ళుగా చూడని తమ్ముణ్ణి దయామణి అంత దూరం నుంచి చూసింది. వెంటనే తన ఫోన్ తీసి వాడికి చేసింది. అవతల శాంతిరాజు జేబులోంచి ఫోన్ తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడి కూడా ఎత్తలేదు!

"ఒరే శాంతీ!" అని అరిచింది ఒడ్డు అంచుకు పోయి. "హర్షిత పెండ్లిరా! గురువారం! రావాలరా నువ్వు!"

హోరు మీదుగా వాడి గొంతు స్పష్టంగానే వచ్చింది. "సంతోషం అక్కా! గడప దాకా వచ్చి పిలువు, వస్తా!"

"ఏరు కనపడలేదా నీకు? ఎట్లా వచ్చేది?"

"అప్పుడు కరోనా అంటివి. ఇప్పుడు ఏరు అంటాండావు. నా గడపకే ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వస్తాది గదా!"

ఫోటోలు తీసుకునేవాళ్ళు కొందరు ఫోన్లు ఇటు తిప్పారు. తిమ్మప్ప వాళ్ళను అదిలించాడు. దయామణి చెవులు ఎర్రబడ్డాయి.

"నేను తెచ్చినానారా ఏరు? నేను తెచ్చినానా కరోనా? ఇంత పెద్దముండను, ఇంత దూరం వచ్చి నిలబడితే, ఒకటే మాట, రాను రాను అంటావే! అమ్మ ఉండుంటే చెంప పగలగొట్టేది నిన్ను!"

అవతల వాడు ఏటి అంచుకు ఇంకో రెండు అడుగులు వేశాడు. తర్వాత, "రానని నేను అనలా. పిలిచినట్టు పిలువమంటాండా. అమ్మ ఉండుంటే నిఖిల్ పెండ్లికి నడిచైనా వచ్చి పిలిచుండును" అన్నాడు.

ఆ మాట ఆమెకు నిజంగా గుచ్చుకుంది. ఇంకేమీ ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, శుభలేఖ ఉన్న చేతిసంచీ మెడలో వేసుకుని నీళ్ళలోకి దిగింది. మూడో అడుగుకు నీళ్ళు మోకాళ్ళు దాటాయి. నాలుగో అడుగుకు కింద ఇసుక కదిలిపోయింది. అవతల శాంతిరాజు "అక్కా! వద్దు! వద్దే!" అని గుండెలు బాదుకుంటూ ఒడ్డు వెంట పరిగెత్తాడు. తిమ్మప్ప వెనక నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఆమె బయటపడింది గానీ ఒక చెప్పు ఏట్లో పోయింది. అది రెండు పల్టీలు కొట్టి కోటగోడ వైపు తేలిపోతుంటే అందరూ చూశారు.

"వయసు గుర్తుండాదా నీకు? పెండ్లి పెట్టుకోని ఇదేం పనమ్మా!" అన్నాడు తిమ్మప్ప వగరుస్తూ.

దయామణి ఒడ్డున కూలబడింది. తడిసిన చీర, ఒంటి చెప్పు, మెడలో సంచీ. ఆస్పత్రిలో ఇరవై పడకల వార్డును ఒంటిచేత్తో నడిపించిన మనిషి, ఒక్కగానొక్క తమ్ముణ్ణి భోజనానికి పిలవలేక ఏటి ఒడ్డున కూర్చుంది. పొద్దుటి నుంచి మింగిన కోపమంతా కళ్ళలోకి వచ్చింది. ప్రార్థనలు, ఉప్మాలు, టమాటా లారీలు, ఏరు, చివరికి ఈ మొండివాడు! ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ ఆమె మేలు కోరేవాళ్ళే. అందరూ కలిసి ఆమెను ఇక్కడ కూలేశారు. అవతల శాంతిరాజు కూడా ఇసుకలో కూర్చున్నాడు, తల మీద తువ్వాలు వేసుకుని. ఇంటికి పోడు, ఇటు మాట్లాడడు.

పొద్దు కోటగోడ మీదికి వాలింది. ఎడ్విన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో బ్రష్షు, మోకాళ్ళకు మట్టి.

"దయా! లే, లే! ఒక అద్భుతం చూపిస్తా రా. మీ పాత ఇల్లు ఉండాది సూడు, గోడలన్నీ పడిపోయినాయి గానీ గడపరాయి అట్నే ఉండాది. దాని మీద అక్షరాలు ఉండాయి! అప్పుడు సున్నం కింద కనపడలా. వానలకు సున్నమంతా పోయి బయటపడినాయి. కోటలో పడిపోయిన శాసనం రాయిని మీ నాయన తెచ్చి గడపకు వేసినట్టుండాడు! ఎన్ని వందల ఏండ్లదో!"

"నా తమ్ముడు రానంటాంటే నీకు రాళ్ళు కావాల్నా?" అని ఆమె కళ్ళెర్రజేసింది. "ఎప్పుడు సూసినా రాళ్ళు! నీ గడపరాయీ, నువ్వూ..."

అక్కడ ఆగిపోయింది. ఎడ్విన్ భయపడ్డాడు, గుండెనొప్పి ఏమైనా వచ్చిందేమోనని.

"ఏమన్నారు? గడప ఉండాదా?"

"ఉండాది. గడప, ఒక పక్క ద్వారబంధం. అంతే మిగిలినాయి."

దయామణి లేచింది. మిగిలిన చెప్పు కూడా అక్కడే విడిచేసి, ఏటివైపు తిరిగి గొంతు చించుకుంది.

"ఒరే శాంతీ! యాడికీ పోవద్దు! ఆడ్నే ఉండు! నీ గడప అంట, నీ గడప! నువ్వు సిమెంటుతో కట్టుకున్నది కాదురా గడప. మన నాయన ఎత్తిన గడప ఈ ఒడ్డునే ఉండాది. నువ్వు పుట్టింది దాని వెనకాలే. ఉండు, దాని సంగతీ నీ సంగతీ సూస్తా!"

గట్టెక్కే దారిలో ముళ్ళున్నాయి. ఆమెకు తెలియలేదు. ఎడ్విన్ కెమెరా మెడలో వేసుకుని వెనకే పరిగెత్తాడు. తిమ్మప్ప టీ కొట్టు వదిలేసి వాళ్ళ వెనక పరిగెత్తాడు.

ఇల్లంటూ ఏమీ లేదు. మట్టిదిబ్బలు, వాటి మీద ఉమ్మెత్త చెట్లు. మధ్యలో ఒంటరిగా ఒక ద్వారబంధం కర్ర, దాని కింద నల్లటి పొడవాటి రాయి. ఎడ్విన్ శుభ్రంగా తుడిచి పెట్టాడు. మీద అరిగిపోయిన అక్షరాలు, మధ్యలో ఎన్నో కాళ్ళు తొక్కి చేసిన చిన్న గుంట. దయామణి తడికాళ్ళతో ఆ గుంటలో నిలబడింది.

అక్కడినుంచి చూస్తే ఏరంతా కనపడుతుంది. ఎదురుగా సరిగ్గా నేరుగా, అవతలి ఒడ్డున ఆవులు కాసుకునే చోటు. అమ్మ ఎందుకు అక్కడే నిలబడి పిలిచేదో ఆమెకు ఇన్నేళ్ళకు అర్థమైంది. శాంతిరాజు లేచి నిలబడ్డాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

దయామణి ద్వారబంధం పట్టుకుంది. శుభలేఖలో రాసినట్టు పిలవాలని, తేదీ, చర్చి పేరు, వేళ అన్నీ చెప్పాలని దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. నోటికి వచ్చింది అమ్మ పిలుపే. సాగదీసి, చివర పైకి ఎత్తి, ఏటి మీద ఎగిరి పోయేలా పిలిచే పిలుపు.

"శాంతీ...! అన్నానికి రా నాయనా...!"

ఏరు హోరుమంటూనే ఉంది. అవతల మనిషి కదల్లేదు. ఎడ్విన్ ఏదో అనబోతే ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. మళ్ళీ పిలవాలని ఊపిరి తీసుకుని, వదిలేసింది. ఇంక తన వల్ల కాదు. ఇంతకంటే ఎట్లా పిలిచేది ఎవరినైనా?

శాంతిరాజు తల మీది తువ్వాలు తీసి ఒడ్డున పెట్టాడు. పంచె మోకాళ్ళ పైకి లాక్కుని, నీళ్ళ అంచున గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ ఏట్లో ముంచాడు. మణికట్ల దాకా, మోచేతుల దాకా, తీరుబడిగా, ఒక్కో వేలూ రుద్దుకుంటూ కడిగాడు. ఐదేళ్ళ మాట ఆ ఎర్రనీళ్ళలో వదిలేసి లేచాడు. తడిచేతులు రెండూ అక్కకు కనపడేలా పైకెత్తి చూపించాడు.

"కడుక్కున్నాడు!" అన్నాడు తిమ్మప్ప. "దయామణమ్మా, వానికి నోరు రాలేదు గానీ చేతులు కడుక్కున్నాడు సూడు!"

తర్వాత వాడి నోరు కూడా వచ్చింది. "దావ నేను సూసుకుంటా అక్కా! నలుగు నాటికే ఆడ ఉంటా! బిడ్డకు చెప్పు, కోక మామే తెస్తాడని!" అని అరిచాడు. ఇంకా ఏదో అన్నాడు. అది ఏటి హోరులో కలిసిపోయింది.

"దయా, పొద్దు పోతాంది. నాకు కనపడదు మళ్ళా" అన్నాడు ఎడ్విన్ మెల్లగా. ఫోటో తీయడం ఆయన మరిచిపోయాడు.

ఆమె అరికాళ్ళలో ముళ్ళు ఇప్పుడు నొప్పి పెడుతున్నాయి. ఒక్క నిమిషం అక్కడే కూర్చోవాలనిపించింది. గడప మీద కూర్చోకూడదని అమ్మ చిన్నప్పుడు తొడపాశం పెట్టేది. అందుకని దయామణి నిలబడే ఏడ్చింది.